ముందు గొంతు, తర్వాత బొమ్మ

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట అన్నాను. మా మనవడితో కలిసి అడవిలో పెరిగే మోగ్లీ అనే పిల్లాడి కథ, 1967 నాటి డిస్నీ బొమ్మల సినిమా 'ది జంగిల్ బుక్' మళ్ళీ చూశాననీ, షేర్ ఖాన్ అనే పులి మాట్లాడినంతసేపూ నాకు పులి బదులు దాని వెనక గొంతు చెప్పిన మనిషే కనిపించాడనీ రాశాను. ఆ రెండు వాక్యాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకని ఈసారి సీరియళ్ళలో ఎవరికి ఎవరు డబ్బింగ్ చెబుతున్నారన్న సంగతులు పక్కన పెట్టి నేరుగా అడవిలోకే వెళ్దాం. ఎప్పటిలాగే ఉత్తరం రాసినవారి ఊరు మాత్రమే వేస్తున్నాను. పేర్లు వేసిన రోజుల్లో ఒకాయన, తనకంటే తన తోడల్లుడి ప్రశ్నకు పెద్ద జవాబిచ్చానని ఏడాది పాటు అలిగారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి: పులి అంటే గాండ్రించాలి కదా. ఈ షేర్ ఖాన్ ఒక్కసారి కూడా గొంతు పెంచి మాట్లాడినట్టు అనిపించదు. విందుకు వచ్చిన పెద్దమనిషిలా ఉంటాడు. అయినా భయం వేస్తుంది. ఇది గొంతు చెప్పినవారి గొప్పా, బొమ్మ గీసినవారి గొప్పా?

మాస్టారూ, ఇద్దరిదీ. కాకపోతే ఎవరి పని ముందు, ఎవరి పని వెనక అన్నది తెలియాలి. బొమ్మల సినిమాకు ముందు గొంతు రికార్డు చేస్తారు. ఆ మాటలు పదే పదే వింటూ చిత్రకారుడు మూతి, కనుబొమ, మెడ వంపు గీస్తాడు. అంటే గొంతు చెప్పే మనిషికి ఎదురుగా బొమ్మ ఉండదు. బొమ్మే ఆ గొంతులోంచి పుడుతుంది. మా డబ్బింగ్ వాళ్ళది సరిగ్గా దీనికి తలకిందులు. మాకు అన్నీ అయిపోయిన బొమ్మ ఇస్తారు, దాని నోట్లో మేము దూరాలి. ముప్పై ఏళ్ళు ఈ పని చేసిన నాకు ఆ మొదటి రకం పని మీద ఉన్న అసూయ ఇంకా తీరలేదు.

షేర్ ఖాన్‌కు చెప్పింది జార్జ్ శాండర్స్. 1906లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన ఇంగ్లీషు నటుడు. 'ఆల్ అబౌట్ ఈవ్' సినిమాలో మాటలతోనే మనుషుల్ని కోసే నాటక విమర్శకుడి పాత్రకు సహాయ నటుడిగా ఆస్కార్ అందుకున్నారు. ఆ పులిని ప్రధానంగా గీసింది మిల్ట్ కాల్. ఆయన శాండర్స్ గొంతుతో పాటు శాండర్స్ ముఖాన్నీ పులికి పెట్టేశారు. ఎత్తిన గడ్డం, సగం వాల్చిన కళ్ళు, ఎదుటివాడు మాట్లాడుతుంటే కాస్త విసుగు. కొండచిలువను నిలదీసే సన్నివేశం గుర్తు చేసుకోండి. చెట్టు మీదినుంచి వేలాడుతున్న తోకను పులి కాలింగ్ బెల్ తాడులా లాగి, అభ్యంతరం లేకపోతే ఒక్క మాట మాట్లాడాలని అడుగుతుంది. అభ్యంతరం చెప్పే ధైర్యం ఎవరికుంది!

మనకు ఇది కొత్త కాదు. నాగభూషణం గారి విలనీ గుర్తుందా? కేకలు ఉండవు. మెత్తగా, వెటకారంగా, వెన్న రాసినట్టు మాట్లాడతారు. హాల్లో కూర్చున్న మనకు ఒళ్ళు మండుతుంది. షేర్ ఖాన్‌కు తెలుగు చెప్పేవారిని వెతకమంటే నేను బొంగురు గొంతుల జోలికి వెళ్ళను. ఆ బాపతు మెత్తని గొంతు కోసం వెతుకుతాను.

ఒక చిన్న రహస్యం కూడా చెప్పనా? రాబందుల పాట చివర పులి వచ్చి అందుకునే గంభీరమైన పాటముక్క శాండర్స్‌ది కాదు. బిల్ లీ అనే గాయకుడిది. ఒకే పులికి రెండు గొంతులన్నమాట. హీరోకు మాట ఒకరిది, పాట ఒకరిది అయినా నిశ్చింతగా చూసే మనకు ఇందులో వింతేముంది.

ఏడో తరగతి విద్యార్థిని, సిద్దిపేట: మోగ్లీకి ఎవరు మాట్లాడారు అమ్మమ్మా? మన దేశం అబ్బాయేనా?

కాదు తల్లీ. ఆ సినిమా దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ రైథర్‌మన్ గారి కొడుకు బ్రూస్. మొదట ఇంకో అబ్బాయిని పెట్టుకున్నారు. బొమ్మల సినిమా అంటే ఏళ్ళ తరబడి సాగే పని కదా, ఈలోగా ఆ అబ్బాయికి వయసొచ్చి గొంతు మారిపోయింది. అప్పుడు దర్శకుడు ఇంట్లో ఉన్న అబ్బాయినే తెచ్చి మైకు ముందు నిలబెట్టారు. కొన్ని కదలికలకు అతని చేతే నటింపజేసి, అది చూసి బొమ్మ గీశారు. నీకు నచ్చే సంగతి ఏమిటంటే, ఆ బ్రూస్ పెద్దయ్యాక వన్యప్రాణుల మీద డాక్యుమెంటరీలు తీసే వృత్తిలోకి వెళ్ళారు. చిన్నప్పుడు అడవి పిల్లాడిగా మాట్లాడి, పెద్దయ్యాక నిజంగానే అడవుల వెంట తిరిగారు.

చివర్లో ఏటి దగ్గర నీళ్ళు ముంచుకుంటూ పాడే అమ్మాయి ఉంది చూడు, ఆ పాట డార్లీన్ కార్ పాడింది. ఇక 2016లో వచ్చిన 'ది జంగిల్ బుక్'లో మోగ్లీగా వేసిన నీల్ సేఠీ భారతీయ మూలాలున్న న్యూయార్క్ అబ్బాయి. అందులో జంతువులన్నీ కంప్యూటర్‌లో చేసినవే. అడవిలాంటిదంతా లాస్ ఏంజెలెస్ స్టూడియోలో ఉంది.

గొంతు మారడం అన్నావు కాబట్టి, నువ్వు అనలేదు గానీ నేనే అన్నాను కాబట్టి, మా సంగతి చెబుతాను. తెలుగు డబ్బింగ్‌లో మగపిల్లలకు ఎక్కువగా ఆడవాళ్ళమే చెబుతాం. మా గొంతు మారదు. నేను 1979లో మద్రాసులో మొదలుపెట్టి 2008 వరకు ఎనిమిదేళ్ళ అబ్బాయిగానే ఉన్నాను. 'మీ అమ్మ నా కడుపులో ఉన్నప్పుడు' అని మా మనవడికి ఎప్పుడూ చెప్పే కథ ఒకటి ఉంది. తొమ్మిదో నెలలో సాలిగ్రామం నుంచి రిక్షాలో వెళ్ళి, చెట్టెక్కి మామిడికాయలు దొంగిలించి తోటమాలిని చూసి పారిపోయే పిల్లాడికి చెప్పాను. పరుగెత్తే ఆయాసం ప్రత్యేకంగా నటించనక్కరలేకపోయింది. టేకు అయ్యాక సౌండ్ ఇంజినీరు గారు పరుగున వచ్చి కుర్చీ వేశారు.

హార్మోనియం వాద్యకారుడు, తెనాలి: వానరరాజు పాటలో మధ్యలో ఒక అర్థం లేని వాగ్ధోరణి వస్తుంది. అది రాసి పాడిందా, నోటికొచ్చినట్టు పాడిందా?

దాన్ని జాజ్ సంగీతంలో స్కాట్ అంటారు. మన తిల్లానాలో అర్థంతో పనిలేని అక్షరాలు లయను మోసుకుపోతాయి కదా, ఆ వరసదే. కాకపోతే తిల్లానాకు ముందే కట్టు ఉంటుంది, స్కాట్ అప్పటికప్పుడు పుట్టాలి. పాడింది లూయీ ప్రైమా, న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన ట్రంపెట్ వాద్యకారుడు. ఆయనా, ఆయన బృందమూ వేదిక మీద ఊగుతూ, ఒకరి వెనక ఒకరు తిరుగుతూ వాయించే తీరును చూసి కోతుల గంతులు గీశారు. కోతివేషంలో దూరిన ఎలుగుబంటి బాలూ దానికి ఎదురు జవాబు పాడతాడు. ఆ గొంతు ఫిల్ హారిస్‌ది. మీరు సంగతి వేస్తే మృదంగం ఆయన అదే తిప్పి వాయించకుండా ఇంకో దారిన వెళ్ళి సమం దగ్గర కలుసుకుంటాడు చూడండి, హారిస్ చేసింది అదే.

అయితే ఆ పాత్ర మీద నాకో ఫిర్యాదు ఉంది. రడ్యార్డ్ కిప్లింగ్ 1894 నాటి పుస్తకంలో కోతులకు రాజు లేడు. లేకపోవడమే అక్కడ అసలు విషయం. నాయకుడు లేడు, ధర్మం లేదు, మొదలుపెట్టిన పని గుర్తుండదు, అందుకే మిగతా అడవి వాటిని లెక్కచేయదు. సినిమావాళ్ళు రాజును పెట్టారు, అదీ ఒరాంగుటాన్‌ను. ఒరాంగుటాన్ బోర్నియో, సుమత్రా అడవుల జంతువు. మన దేశంలో తోకలేని వానరం అంటే ఈశాన్యంలోని హూలాక్ గిబ్బన్ ఒక్కటే. 2016 సినిమావాళ్ళు ఈ తప్పు గమనించి, ఎప్పుడో అంతరించిన జైగాంటోపితికస్ అనే భారీ వానరంగా మార్చారు. అంటే ఊళ్ళో లేని మనిషిని తీసేసి, లోకంలోనే లేని మనిషిని పెట్టారు. అయినా ప్రైమా పాట వింటుంటే ఈ ఫిర్యాదు ఎక్కడికో పోతుందని ఒప్పుకుంటాను.

గృహిణి, నిజామాబాద్: బాలూ అనగానే మాకు బాలసుబ్రహ్మణ్యం గారే గుర్తొస్తారు. ఆ ఎలుగుబంటికి ఆ పేరు ఎలా వచ్చింది? బఘీరా అంటే?

హిందీలో భాలూ అంటే ఎలుగుబంటి. మన భల్లూకం చుట్టమే. కిప్లింగ్ బొంబాయిలో పుట్టారు, హిందుస్తానీ చెవిన పడుతూ పెరిగారు. అందుకే ఎలుగుకు ఎలుగు అని, ఏనుగుకు హాథీ అని, పులికి షేర్ అని పేరు పెట్టేశారు. నల్ల చిరుత బఘీరా పేరులో కూడా బాఘ్, అంటే పులి, ఉంది. మోగ్లీ పేరు మాత్రం ఆయన కల్పనే.

మీరు బాలు గారి పేరు ఎత్తారు. అడవిలోంచి ఆయన దాకా ఒక దారి ఉంది, చెప్పనివ్వండి. రిచర్డ్ అటెన్‌బరో 'గాంధీ' సినిమా తెలుగులో వచ్చినప్పుడు గాంధీగా వేసిన బెన్ కింగ్‌స్లీకి తెలుగు చెప్పింది బాలు గారే. అదే కింగ్‌స్లీ 2016 'ది జంగిల్ బుక్'లో బఘీరా గొంతు. పాటల వెనక మరుగున పడిపోయింది గానీ, డబ్బింగ్‌లో ఆయన మా అందరికీ పెద్ద. కమల్ హాసన్‌కు తెలుగులో ఎన్ని సినిమాలకు చెప్పారో. 'దశావతారం'లో పది పాత్రలుంటే ఏడింటికి ఆయనే చెప్పారు, అందులో ముసలమ్మ ఉంది. 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడిగా వేసిన సుమన్‌కు చెప్పినందుకు నంది అవార్డు వచ్చింది. ఒకే మనిషి గొంతులో గాంధీ, దేవుడు, ముసలమ్మ. ఎలుగుబంటి మిగిలిపోయిందని నాకొక బాధ. తినడం, నవ్వడం, పాడటం తప్ప వేరే తొందర లేని ఆ బాలూకు ఈ బాలు గారు చెప్పి ఉంటే ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఫిల్ హారిస్ గురించి పైన సగమే చెప్పాను. ఆయన రేడియోలో పేరున్న బ్యాండ్ నాయకుడు. బాలూకు ఆయన్ను పెట్టుకోవాలన్న ఆలోచన వాల్ట్ డిస్నీది. కాగితం మీద ఉన్న మాటలు ఆయన నోటికి బరువుగా అనిపించాయి. నా పద్ధతిలో చెబుతానని సొంత పలుకుబడిలో చెప్పారు. ఎలుగుబంటి నడక కూడా ఆ మాటల ఒదులుతనానికి తగ్గట్టు ఊగిసలాటగా వచ్చింది. చిన్నగా అనుకున్న పాత్ర సినిమా అంతటా పరుచుకుంది. అవసరమైనవి మాత్రమే చాలని ఆయన పాడే పాట టెరీ గిల్కిసన్ రాసింది, ఆస్కార్ పోటీలోకి వెళ్ళి గెలవకుండా వచ్చింది. మిగిలిన పాటలు షెర్మన్ సోదరులవి.

తెలుగు అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం: ఇంగ్లీషు పలికే బొమ్మ పెదవులకు తెలుగు మాటలు ఎలా అతికిస్తారు? దీనికి సూత్రం ఏమైనా ఉందా?

అమ్మా, మీకు సులువుగా చెప్పగలను, ఎందుకంటే మీకు నిరోష్ఠ్య కావ్యం తెలుసు. పెదవులు తగలకుండా, ప ఫ బ భ మ లు లేకుండా మరింగంటి సింగరాచార్యులు రామకథ రాశారు. రామ అన్న పేరే పలకడానికి వీల్లేదు, అందులో మకారం ఉంది. అందుకే కావ్యం పేరు 'దశరథరాజనందన చరిత్ర'. మీ విద్యార్థుల చేత ఆ పేరు అద్దం ముందు పలికించండి, పెదవులు ఎక్కడా కలవవు.

మేము చేసేది ఆయన పనికి రెండో వైపు. తెర మీద పెదవులు మూసుకున్న చోటల్లా ఒక ఓష్ఠ్యం, అంటే పెదవులు కలిపే అక్షరం, పడాలి. మూసుకోని చోట పడకూడదు. ఉదాహరణకు బఘీరా పిల్లాడిని 'కమ్ బ్యాక్' అని పిలిచాడనుకోండి. అర్థం చూస్తే 'వెనక్కి రా'. కానీ ఇంగ్లీషులో నోరు తెరుచుకుని, మధ్యలో ఒక్కసారి మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది. 'వెనక్కి రా'లో మూసుకునే చోటే లేదు. 'రా బాబూ' అంటే రెండుసార్లు మూసుకుంటుంది. 'రమ్మన్నా' అనండి, సరిగ్గా మధ్యలో ఒక్కసారి. కొలతకు కొలత, అర్థానికి అర్థం, పైగా పెద్దవాడి అధికారం కూడా వచ్చింది. ఇలాంటిది ఒకటి దొరికిన రోజున అన్నం ఎక్కువ తినేదాన్ని.

అన్నిచోట్లా ఇలా కుదరదు. ఓష్ఠ్యాలు కుదిరితే నిడివి కుదరదు, నిడివి కుదిరితే మాట తెలుగులా ఉండదు. 'నేను నిన్ను మిస్ అవుతున్నాను' లాంటి వాక్యాలు అలా పుట్టినవే. మూతి కాస్త తప్పినా పరవాలేదు, వాక్యం తెలుగుగా ఉండాలన్నది నా పక్షం. ఈ పక్షంలో ఉన్నందుకు రెండు మూడు సార్లు పని పోయింది.

కొండచిలువ కా సంగతి మరీ సరదా. చెప్పింది స్టెర్లింగ్ హాలోవే. ఆశ్చర్యపోకండి, తేనె కోసం చెట్లెక్కే ఎలుగుపిల్ల విన్నీ ద పూ గొంతు కూడా ఆయనదే. ఒకే గాలిలాంటి మెత్తని గొంతు. ఒకచోట అమాయకత్వం, ఇంకోచోట విషం. అక్షరాలు మారలేదు, ఉద్దేశం మారింది. కిప్లింగ్ పుస్తకంలో కా మోగ్లీకి ఆప్తుడు, కోతుల నుంచి కాపాడిన పెద్దాయన. సినిమాలో దుష్టుణ్ణి చేశారు. పాముకు బుసలు కావాలి కాబట్టి సకారాలన్నీ సాగదీస్తాడు. తెలుగులో రాయవలసి వస్తే నేను 'నమ్ము' అని రాయను. బుస రాదు. 'విశ్వసించు' అని రాస్తాను. మామూలు మనిషి నోట ఆ మాట గ్రాంథికంగా ఉండి చెడిపోతుంది. పాము నోట మాత్రం బుసకు బుస, నటనకు నటన. ఇంట్లో ఎవరైనా మీతో 'నన్ను విశ్వసించు' అంటే మీరు మాత్రం విశ్వసిస్తారా?

పశువైద్య విద్యార్థి, తిరుపతి: సినిమాల్లో జంతువుల అరుపులు నిజం జంతువులవేనా?

కొన్ని అవును, కొన్ని కాదు. 1994 నాటి 'ద లయన్ కింగ్'లో సింహ గర్జనలు ఫ్రాంక్ వెల్కర్ అనే మనిషి నోటివి. నేను నక్క ఊళ, మేకపిల్ల అరుపు చెప్పాను. నక్కకు మెచ్చుకున్నారు. మేకకు మాత్రం మా వీధి మేక బదులిచ్చింది, అదే పెద్ద సత్కారం.

వ్యాపారి, గుంటూరు: పోయిన నెల మీ జవాబు చదివితే పెద్ద నటులు బొమ్మల సినిమాలకు చెప్పడం మీకు ఇష్టం లేదని తేలిపోయింది. ఇది ఓర్వలేనితనం కాదా? మా పిల్లలు నాని, మహేశ్ బాబు పేర్లు చూసే హాలుకు వచ్చారు.

ఓర్వలేనితనం కొంత ఉంది, దాచను. తెర మీద పేరు వేయని రోజుల్లో పనిచేసినదాన్ని. ఇప్పుడు పోస్టరు మీద గొంతు చెప్పినవారి పేరు సినిమా పేరంత అక్షరాల్లో చూస్తే గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది. 'గాత్రదానం' అని పత్రికల్లో రాస్తారే, ఆ మాటన్నా నాకు పడదు. దానం ఏమిటండీ! వోచరు మీద సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాం. ఒక్కోసారి సంతకం పెట్టించుకుని డబ్బు ఇవ్వనివాళ్ళూ ఉన్నారు, అప్పుడు అది దానమే అయింది.

ఇక అసలు సంగతి. 2019 జులైలో వచ్చిన 'ద లయన్ కింగ్' తెలుగులో కొడుకు సింహం సింబాకు నాని, దుష్ట సింహం స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ, తండ్రి సింహం ముఫాసాకు రవిశంకర్ చెప్పారు. ఇందులో బ్రహ్మానందం, అలీల జోడీని ఎంచినవారికి చెయ్యెత్తి దండం పెడతాను. అడవిపంది పుంబా, ముంగిసలాంటి మీర్‌కాట్ టిమోన్ నోరు తెరవకముందే హాలు నవ్వడానికి సిద్ధమైపోయింది. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడే లయ ముప్పై ఏళ్ళుగా మనకు అలవాటైనది. అది కొత్తవాళ్ళు ఎంత బాగా చెప్పినా రాదు. కాబట్టి పేరున్నవారు వద్దని నేను అనను. ఆ మాటకొస్తే హారిస్, శాండర్స్, ప్రైమా కూడా అప్పటి పేరున్నవాళ్ళే.

కానీ ఆ సినిమాలో నా చెవి నిలిచిపోయింది రవిశంకర్ దగ్గర. 'అరుంధతి'లో సోనూ సూద్‌కు చెప్పిన గొంతు. ఆ సింహాలు కంప్యూటర్‌లో చేసినా అచ్చం నిజం సింహాల్లా ఉంటాయి. నిజం సింహానికి కనుబొమలతో బాధపడటం, మూతితో వెక్కిరించడం రాదు కదా. ముఖం సహాయం చేయని చోట బరువంతా గొంతు మీద పడుతుంది. అక్కడే వృత్తి తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా. తండ్రి సింహం కొడుక్కి మాట చెప్పేటప్పుడు వాక్యం చివర ఊపిరి ఎక్కడ ఆపాలో రవిశంకర్‌కు తెలుసు. తెలియకేం, వాళ్ళింట్లోనే ఉంది ఆ విద్య. తండ్రి పి.జె.శర్మ గారు నటుడు, డబ్బింగ్ కళాకారుడు. అన్న సాయికుమార్ గొంతు మీకు నేను పరిచయం చేయాలా? 2024 డిసెంబరులో వచ్చిన 'ముఫాసా'లో ముఫాసాకు మహేశ్ బాబు చెబితే, దుష్ట సింహం కైరోస్‌కు ఆ ఇంటివారే అయ్యప్ప పి.శర్మ చెప్పారు.

ఇంకొకటి. ఉత్తరంలో మీరు 'అడవి సినిమా' అని రాశారు. ఆ సినిమాలో సింహాలవి గడ్డిమైదానాలండీ. నవ్వకండి, పశువైద్య విద్యార్థి చదువుతున్నాడు.

డిగ్రీ విద్యార్థి, ఆదిలాబాద్: మోగ్లీ అడవి నిజంగా ఉందా? ఎంత దూరం?

మీ ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరంగా వెళ్ళండి. నాగపూర్ దాటాక సియోనీ వస్తుంది, మధ్యప్రదేశ్‌లో. కిప్లింగ్ కథ మొదలయ్యేది ఆ సియోనీ కొండల్లోనే. ఆయన రాసింది మాత్రం అమెరికాలోని వెర్మాంట్‌లో కూర్చుని. దారిలో పెంచ్ అడవి దగ్గర జంతువులు కింద నుంచి దాటడానికి రోడ్డును పైకి ఎత్తి కట్టారు. పులులు ఆ దారిన వెళుతూ కెమెరాలకు చిక్కాయి కూడా.

అంత దూరం వెళ్ళలేకపోతే ఇంకో మార్గం ఉంది. పుస్తకంలోని వైన్‌గంగా నది నిజమైనదే. అది వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడ ఒక చెంబుడు ముంచితే అందులో షేర్ ఖాన్ తాగి వదిలిన నీళ్ళు కొన్ని ఉంటాయి.

బ్యాంకు ఉద్యోగి, భిలాయ్: మా చిన్నప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం వచ్చిన మోగ్లీ ఇదేనా?

కాదు. మీరు చూసింది జపాన్‌లో నిప్పాన్ యానిమేషన్ సంస్థ తీసిన 52 భాగాల ధారావాహిక. గుల్జార్ రాసిన టైటిల్ పాటకు విశాల్ భరద్వాజ్ సంగీతం. హిందీలో షేర్ ఖాన్‌కు చెప్పింది నానా పాటేకర్. 2016 సినిమా హిందీలో వచ్చినప్పుడు ఆయన్నే మళ్ళీ పిలిచారు. అప్పటి పిల్లలు తమ పిల్లల్ని తీసుకుని వచ్చి ఆ గొంతు వినగానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నారని నా నమ్మకం.

పేరూ ఊరూ లేని కార్డు: ఏనుగుల దళపతికీ, ఒక రాబందుకూ గొంతు ఒకేలా ఉంది. నా చెవి దోషమా?

మీ చెవికి నమస్కారం. ఇద్దరికీ జె. పాట్ ఓమాలీయే చెప్పారు. ఆ రాబందుల జుట్టు చూశారా? బీటిల్స్ అనే ఇంగ్లీషు పాటల బృందం జుట్టు అది. ఒకే మనిషి రెండు పాత్రలకు చెప్పడం మా దగ్గరా మామూలే. ఒకసారి ఒక బొమ్మల సీరియల్‌లో తల్లికోడికీ, దాని ఆరు పిల్లలకూ నేనే చెప్పాను. వోచరులో మాత్రం 'కోడి, ఒకటి' అని రాశారు. పిల్లల లెక్క అడిగితే అవి తల్లి రెక్కల కింద ఉన్నాయి కదా అన్నారు.

దళపతి భార్య వినిఫ్రెడ్‌కు చెప్పింది వర్నా ఫెల్టన్. ఆమె 1941లో 'డంబో'లో ఏనుగుల పెద్దమ్మకు చెప్పారు, 1950లో 'సిండ్రెల్లా'లో మంత్రదండం పట్టుకున్న అవ్వకు చెప్పారు, చివరికి మళ్ళీ ఏనుగు దగ్గరికే వచ్చారు. 1966 డిసెంబరు 14న ఆమె, మర్నాడు 15న వాల్ట్ డిస్నీ పోయారు. సినిమా 1967 అక్టోబరు 18న విడుదలైంది. తప్పిపోయిన పిల్లాడిని వెతకడానికి మొగుడు కదలకపోతే దళం తానే నడిపిస్తానని ఆ ఏనుగమ్మ దబాయించే చోట నేను ప్రతిసారీ ఆపి వెనక్కి తిప్పుతాను.

పాఠకురాలు, అనకాపల్లి: మీ గొంతు ఇప్పుడు ఎక్కడ వినొచ్చు?

యూసుఫ్‌గూడలో, మా అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర, ఉదయం ఏడుంపావుకు. మనవడికి స్కూలు బస్సు తప్పిపోయేలా ఉన్న రోజుల్లో రెండో అంతస్తు దాకా వినిపిస్తుందట.